చెంపకు ఆన్చని గుడ్డ

“తుడిచిందెవరు?” ఆడిటర్ బావగారు మళ్ళీ అడిగారు.

షెడ్డులో ఉన్నది ముగ్గురు మనుషులు. అడిగేవారిని తీసేస్తే మిగిలేది మొగుడూ పెళ్ళామూ, అంటే ఆయన తమ్ముడూ ఆ ఇంటి కోడలూ. వాళ్ళ మధ్య, ఏ పాపమూ ఎరగనట్టు, పళ్ళ డాక్టరుగారి నల్లకారు.

అది మామూలు నలుపు కాదు. కారుచీకటి అన్న మాట ఈ బండిని చూశాకే పుట్టి ఉంటుందనిపించే నలుపు. నిన్న సాయంత్రం పాలిష్ ముగించాక కోడలు ఆ బానెట్‌లో చూసుకుంటూ జుట్టు సవరించుకుంది. ఈ పొద్దున అదే బానెట్ మీద లైటు పట్టి చూస్తే మొహం బదులు గీతలు కనిపిస్తున్నాయి. సన్నటివి, గుండ్రటివి, ఒకదాన్నొకటి తరుముకుంటున్నవి. ఏదో సాలీడు డ్యూటీ ఎక్కి, ఓవర్‌టైం కూడా చేసి వెళ్ళినట్టుంది.

“నేనే,” అన్నాడు మొగుడు.

“నువ్వా? నువ్వు పొద్దున్నుంచీ స్నానాలగదిలో ఉన్నావు. పాట వినపడింది. వినపడకుండా పోయే అదృష్టం ఈ ఇంట్లో ఎవరికీ లేదు.”

“పాటకి ముందు తుడిచాను అన్నయ్యా.”

“పాటకి ముందు నిద్రపోతున్నావు. గురక కూడా వినపడింది.”

“తుడిచింది నేను బావగారూ,” అంది కోడలు. “మీరు చూస్తుండగానే తుడిచాను. మీరు ఆ వేళ పరుపుల గురించి చెబుతున్నారు కాబట్టి చూడలేదు.”

బావగారు జేబులోంచి పెన్ను తీశారు. ఎక్కడా రాయరు, ఊరికే తీస్తారు. కంపెనీల లెక్కల్లో తప్పులు పట్టడం ఆయన వృత్తి, ఇంట్లోవాళ్ళ లెక్కల్లో తప్పులు పట్టడం ప్రవృత్తి. వచ్చిన సంబంధాల్లో ఏదీ టాలీ కాక బ్రహ్మచారిగా ఉండిపోయారు. తమ్ముడు గోడరంగుల దుకాణంలో పనిచేస్తాడు. కోపమొస్తే అతని మొహం షేడ్‌కార్డులోని రంగులన్నీ తిరిగొస్తుంది గానీ నోరు మాత్రం రంగుకి ముందేసే ప్రైమరు దగ్గరే ఆగిపోతుంది.

“పోయిన వారం మనమంతా కూర్చుని అనుకున్నది గుర్తుందిగా?” అన్నారు బావగారు. “సాయంత్రం డాక్టరు వచ్చి చూస్తాడు. బాగుందంటే ఈ షెడ్డు నీ కార్ల ముస్తాబుకి. బాగాలేదంటే పరుపులాయన గోడౌనుకి. ఒప్పుకున్నావు.”

“ఒప్పుకున్నాను.”

“మరి ఇది బాగుందా?”

“బాగాలేదు. కానీ సాయంత్రం ఇంకా కాలేదు.”

“నా మాట విని ఇప్పుడే ఖాళీ చేసెయ్యమ్మా. పరుపులాయన మంచివాడు, మెత్తటివాడు.”

“వ్యాపారం అలాంటిది కదండీ, మెత్తగానే ఉంటాడు. పరుపుల కోసం నా పరువు పోగొట్టుకోలేను.”

“పరువు నీదొక్కదానిదేనా? కుటుంబానిది కాదూ? చుట్టుపక్కల ఏమంటున్నారో తెలుసా? ఆడిటరు మరదలు జనాల కార్లు కడుగుతోందిట!”

“కడగడం కాదు బావగారూ, కడగడమనేది మొదటి మెట్టు. ఆ తర్వాత మట్టి తీయడం, గీతలు తీయడం, పూత వేయడం...”

“పూత వేసి కాపు ఎప్పుడు కాస్తుందో చూద్దాం,” అంటూ ఆయన పెన్ను జేబులో పెట్టుకుని మెట్లెక్కారు. సగం మెట్ల మీద ఆగి వెనక్కి తిరిగారు. “దీనికి బాధ్యులెవరో సాయంత్రానికి నేను తేలుస్తాను. గీత దానంతటది గీసుకోదు.”

ఆయన చెప్పుల చప్పుడు మేడమీదికి వెళ్ళిపోయేదాకా మొగుడూ పెళ్ళాలు కదల్లేదు.

“ఎందుకు మీరు నెత్తినేసుకున్నారు?” అంది కోడలు.

“నువ్వే చేసుంటావనుకున్నా.”

“నేనే చేశాను మరి!”

“అందుకే నా మీద వేసుకున్నా,” అన్నాడతను అమాయకంగా. ఆ అమాయకత్వం మీద ఎంత పాలిష్ కాంపౌండ్ పెట్టి రుద్దినా పోదని ఆమెకి పెళ్ళయిన కొత్తలోనే అర్థమైంది. అదంటే ఇష్టం కూడా.

ఆమె ఏప్రన్ జేబులోంచి గుడ్డ తీసింది.

కోడలి షెడ్డులో ఒక నియమం ఉంది. ఏ గుడ్డయినా ముందు చెంపకి ఆన్చాలి. చెంపకి మెత్తగా తగిలితేనే కారు దగ్గరికి పోవాలి, ఏమాత్రం గుచ్చుకున్నా చక్రాలు తుడిచే బుట్టలోకి పోవాలి. చేతివేళ్ళు పని చేసిచేసి మొద్దుబారతాయి, వాటిని నమ్మకూడదు. చెంప మోసం చెయ్యదు. ఈ మాట ఆమె మొగుడికి చెప్పింది, పాలవాడికి చెప్పింది, కరెంటు మీటరు చూడటానికి వచ్చినాయనకీ చెప్పింది. ఈ పొద్దున మాత్రం తనకి తాను చెప్పుకోలేదు. పక్కన బావగారు పరుపుల మాహాత్మ్యం వర్ణిస్తుంటే, జవాబు వెతుక్కుంటూ, దొంతరలో పైనున్న గుడ్డ అందుకుని బానెట్ మీద తిప్పేసింది. కారుకూతలు వింటూ కారు తుడవకూడదని అప్పటికి ఇంకా తెలియదు.

ఇప్పుడు చెంపకి ఆన్చింది. గుడ్డ చెంపని గీకింది.

“ఇటు చూడండి.”

మొగుడు చూశాడు. గుడ్డ పుస్తకంలా మడతపెట్టి ఉంది. అంచుకి అంచు, మూలకి మూల. విప్పితే మధ్యలో ఒకచోట పడవ ముక్కు ఆకారంలో నున్నటి మెరుపు.

“ఇస్త్రీపెట్టె!” అన్నాడు.

“ఈ మైక్రోఫైబర్ గుడ్డల్లో పోగుల కొసలు మన కంటికి కనపడనంత సన్నం. వేడి తగిలిందా, కరిగి ముళ్ళలా గట్టిపడతాయి. దొంతరంతా ఇంతే. ఒక్కటీ పనికిరాదు.”

ఆ ఇంట్లో దిండు గలీబులూ, చేతిరుమాళ్ళూ, ఆఖరికి పొయ్యి మీంచి గిన్నె దింపే మసిగుడ్డ కూడా ఇస్త్రీ చేసే మనిషి ఒక్కరే ఉన్నారు.

“అమ్మ,” అన్నాడు మొగుడు. “కానీ అమ్మ నీతో మాట్లాడటం లేదుగా? షెడ్డు గడప తొక్కనని కూడా అందిగా?”

“గడప తొక్కలేదు. తలుపు పక్కన బకెట్లో నానబెట్టిన గుడ్డలు బయట్నుంచే తీసుకెళ్ళి ఉంటారు. నిన్న నేను అలిసిపోయి కాస్త కునుకు తీశాను చూడండి, అప్పుడు. లేచొచ్చేసరికి దొంతర గడప మీద ఉంది. మీరు మడతపెట్టారేమో అనుకున్నా.”

“నేనా? నేను మడతపెడితే అలా ఉంటుందా?”

“ఉండదు. మురిపెంలో ఆలోచించలేదు.”

షెడ్డు రేకుల మీద ఏదో పిట్ట టకటకా నడిచింది.

“ఇస్త్రీ చేసింది ఆవిడ, ఇరుక్కుంది నువ్వు,” అన్నాడతను. “ఉపకారం చెయ్యబోయి అపకారం... ఇందులోనూ కారే ఉంది చూశావా?”

“నన్ను నవ్వించకండి, లైటు కదులుతోంది.”

“పోనీ, ఆ నూనె మైనం ఉందిగా? డబ్బా మీద బొమ్మ ఉంటుంది. అది పట్టిస్తే గీతలు పూడిపోయి కనపడవన్నావు.”

“పూడతాయి. రెండుసార్లు కడిగేసరికి మళ్ళీ లేస్తాయి.”

“ఈలోగా షెడ్డు మనదవుతుంది.”

“షెడ్డు మనదవుతుంది, పేరు మనది కాకుండా పోతుంది. డాక్టరుగారు ఊళ్ళో సగం మంది నోళ్ళలో చెయ్యి పెట్టే మనిషి. కుర్చీలో పడుకున్నవాళ్ళు నోరు తెరుచుకుని ఆయన చెప్పేది వినాల్సిందే, మధ్యలో అడ్డం కూడా పడలేరు. ఆయన నన్ను పొగిడితే ఆ సగం ఊరు నా దగ్గరికొస్తుంది. తిడితే...” ఆమె గుడ్డ మడిచి మళ్ళీ జేబులో పెట్టుకుంది. “నాకు గీతలు తీయడం వచ్చండీ. దాచడం నేర్చుకోలేదు.”

“మరి తీసెయ్. మెషిన్ పెట్టు.”

“అక్కడే ఉంది చిక్కు.”

ఆమె మందం కొలిచే మీటరు తెచ్చి బానెట్ మీద ఆనించింది. రంగు మీద కారు కంపెనీవాళ్ళే వేసిన గాజులాంటి పైపూత ఒకటి ఉంటుంది. పాలిష్ అంటే ఆ పూతని వెంట్రుకంత అరగదీయడమే. ఈ కారు ఇదివరకే ఎక్కడో, ఎవరి మొరటు చేతుల్లోనో బాగా అరిగి వచ్చింది. నిన్న ఆమె మరికాస్త తీసింది. ఇప్పుడింకొక్కసారికి చాలుతుంది. ఆ తర్వాత ఈ బానెట్ బతికున్నన్నాళ్ళూ పాలిష్ మాట ఎత్తకూడదు.

“ఆ ఆఖరిసారి ఆయనది. ఆయన్ని అడక్కుండా నేను వాడెయ్యకూడదు.”

“అడిగితే ఎవరు చేశారంటాడు. అన్నయ్య పెన్ను తీస్తాడు.”

“తీయనివ్వండి. మీరు మాత్రం అత్తయ్య పేరు ఎత్తకండి. ఆవిడ నాకోసం ఒక పని చెయ్యడం ఇదే మొదలు.”

అంటూనే ఆమె తలుపు పక్కకి చూసింది. నిన్న గుడ్డలు నానబెట్టిన బకెట్లు రెండు. ఒక బకెట్ గుడ్డలే దొంతరయ్యాయి. రెండో బకెట్ ఎక్కడ?

* * *

వంటింటి పక్కగదిలో ఇస్త్రీపెట్టె వేడెక్కి ఎర్రదీపం వెలిగించుకుని కూర్చుంది. బల్లమీద రెండో బకెట్ గుడ్డలు, పిండేసి, ఇంకా తడితడిగా. అత్తగారు వాటిలో ఒకదాన్ని అరచేత్తో సాపు చేస్తున్నారు.

కోడలు గుమ్మంలో ఆగింది.

అత్తగారు తలెత్తలేదు. పోయిన వారం నుంచీ ఆవిడ కోడలితో మాట్లాడాల్సినవన్నీ గోడతో మాట్లాడుతున్నారు. గోడకి సున్నం వేసినవాడు కొడుకే కాబట్టి అదీ కుటుంబసభ్యురాలే.

“గుడ్డలు బాగున్నాయిట?” అని గోడనడిగారు.

గోడ ఊరుకుంది.

“బాగున్నాయి అత్తయ్యా. మూలకి మూల సరిగ్గా కలిసింది.”

“కలవకేం? గుడ్డ అన్నాక ఇస్త్రీ ఉండాలి. జనాల కార్లు కడగడం నాకిష్టం లేదు, లేదంటే లేదు. కానీ కడిగేదేదో నలిగిపోయిన గుడ్డలతో కడిగితే అది మన ఇంటికి నామోషీ.” ఇక్కడికి వచ్చేసరికి ఆవిడ గోడని వదిలేసి కోడలికేసి చూశారు. “నిద్రలో నీ చెయ్యి తిరుగుతూనే ఉంది తెలుసా? గుండ్రంగా. కారు తుడుస్తున్నట్టు.”

కోడలు తన అరచేతికేసి చూసుకుంది.

అత్తగారు ఇస్త్రీపెట్టె చేతిలోకి తీసుకున్నారు.

“వద్దత్తయ్యా!”

కేకలాగే వచ్చింది. ఇస్త్రీపెట్టె గాల్లో ఆగింది.

“ఏం?”

“అంటే... ఇవి నాకు తడిగానే కావాలి.”

“తడిగానా?”

“ఆరితే చాలు. ఇస్త్రీ అక్కర్లేదు.”

“నా ఇస్త్రీకేమొచ్చింది?”

జవాబు ఒక్క ముక్క. చెప్పేస్తే అయిపోయేది. కానీ ఆ ఒక్క ముక్కతో ఏమేం తెగిపోతాయో కోడలికి కనపడుతూనే ఉంది. పోయిన వారం ఎన్ని మాటలన్నా చెక్కుచెదరని మనిషి ఇప్పుడు ఒక్క మెచ్చుకోలు కోసం ఇస్త్రీపెట్టె పట్టుకుని నిలబడింది.

“ఏమీ రాలేదు. మీకు శ్రమ ఎందుకని.”

“శ్రమా!” అత్తగారు చాలాసేపు ఆమె మొహంలోకి చూశారు. తర్వాత వంగి ప్లగ్గు పీకారు. ఎర్రదీపం ఆరింది. “సరే. పెరట్లో నీడపట్టున ఆరేస్తాను. ఇష్టం లేని చెయ్యి తగలకుండా, క్లిప్పులు పెట్టే ఆరేస్తాను. వెళ్ళు.”

“అత్తయ్యా, అది కాదు...”

“వెళ్ళమ్మాయీ. నీకు కారుంది. నాకు గోడ ఉంది.”

* * *

పళ్ళ డాక్టరుగారు సాయంత్రం చెప్పిన వేళకే వచ్చారు. సన్నగా, తెల్లగా, తిన్నగా, ఆయనే ఓ పన్నులా ఉంటారు. రాగానే బావగారు ఎదురెళ్ళి చెయ్యి కలిపారు.

“మిమ్మల్ని చూస్తే నాకు ఆత్మీయుణ్ణి చూసినట్టుంటుంది ఆడిటర్‌గారూ,” అన్నారు డాక్టరు. “ఇద్దరిదీ పన్నుల పనే. మీ దగ్గర కూర్చున్నవాళ్ళూ ఏడుస్తారు, నా దగ్గర కూర్చున్నవాళ్ళూ ఏడుస్తారు. నేను మత్తుమందు ఇస్తాను, మీరు ఇవ్వరు. అంతే తేడా.”

బావగారికి నవ్వాలో రసీదు ఇవ్వాలో తెలియలేదు.

డాక్టరుగారు కారు చుట్టూ తిరిగారు. తలుపుల దగ్గర తల ఊపారు. డిక్కీ దగ్గర “ఓహో” అన్నారు. ఆ ఓహో విని మొగుడి మొహం నీలం నుంచి లేతపచ్చకి తిరిగింది. డాక్టరుగారు బానెట్ వైపు అడుగు వేశారు.

“ఆగండి డాక్టరుగారూ,” అంది కోడలు. “అక్కడ మీరు చూసేకంటే ముందు నేను చూపించాలి.”

లైటు వెలిగించి తనే బానెట్ మీద వాల్చింది. గీతల వల పూర్తిగా పైకి తేలింది.

బావగారు దగ్గారు. అందులో దగ్గు లేదు.

డాక్టరుగారు జేబులోంచి పిడి పొడుగ్గా ఉన్న చిట్టి అద్దం తీసి, అలవాటుకొద్దీ బానెట్ మూలల్లోకి పెట్టి చూశారు. “ఎప్పట్నుంచి?” అని అడిగారు, అదీ అలవాటుకొద్దీనే.

“ఈ పొద్దున్నుంచి. నిన్న పాలిష్ అయ్యాక లేవు. ఈ పొద్దున పూతకి ముందు దుమ్ము తుడుస్తూ పాడైన గుడ్డ వాడాను. గుడ్డని చెంపకి ఆన్చి చూసుకోవడం నా పద్ధతి. చూడలేదు. చెయ్యి నాది, తప్పు నాది.”

“కప్పిపెట్టే మందులు ఉంటాయటగా?”

“ఉన్నాయి. ఆ అరలో ఎడంపక్క డబ్బా. వర్షాలకి తేలిపోతుంది.”

“తీసెయ్యగలరా?”

“తీసెయ్యగలను. గీత ఒక్కటి కూడా ఉండదు. కానీ పైపూత ఇంకొక్కసారికే ఉంది.” మీటరు ఆనించి చూపించింది. “ఈసారి తీశాక ఇంకెప్పుడూ దీని జోలికి పోకూడదు. అందుకే మిమ్మల్ని అడగాలని ఆగాను.”

“పంటి మీది ఎనామిల్ అన్నమాట,” అన్నారు డాక్టరుగారు. “పోతే రాదు.”

“రాదండి.”

ఆయన చిట్టి అద్దం తుడుచుకుంటూ కాసేపు ఆలోచించారు. షెడ్డులో అందరూ ఆయన నోటికేసే చూస్తున్నారు. ఆయన జీవితంలో అది తిరగబడిన దృశ్యం.

“నా దగ్గరికి వచ్చేవాళ్ళు తీపి తినం అనే చెబుతారమ్మా. మీరు ఉన్నది చెప్పారు. బాగుంది. కానీ నిజం చెప్పినంత మాత్రాన పన్ను నయం కాదు. నా ముందు చెయ్యండి. ఓ అరచెయ్యంత మేర. నచ్చితే మిగతా బానెట్ చేద్దురుగాని. నచ్చకపోతే కారు ఇలాగే తీసుకెళ్ళిపోతాను, మళ్ళీ రాను.”

“చేస్తాను,” అంది కోడలు. ఆ ‘చేస్తాను’లో వణుకు లేదు. వణుకు వేరేచోట ఉంది. తుడవడానికి గుడ్డ ఏది? పెరట్లో ఆరేసినవి అడగడానికి మొహం చెల్లదు.

“ఒక్క ప్రశ్న,” అన్నారు బావగారు పెన్ను తీస్తూ. “గుడ్డ పాడైందన్నావు. ఎలా పాడైంది? గుడ్డ దానంతటది పాడవదు.”

“వేడి తగిలి,” అంది కోడలు, మరీ తక్కువ గొంతుతో.

“ఏ వేడి? షెడ్డులో పొయ్యి లేదే?”

మొగుడి నోరు తెరుచుకుంది, ప్రైమరు దగ్గర ఆగింది.

“ఇస్త్రీపెట్టె వేడి,” అంది ఇంకో గొంతు.

అత్తగారు పెరటివైపు తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. ఎంతసేపటి నుంచో ఎవరికీ తెలియదు. చేతుల నిండా ఆరిన గుడ్డలు. మడతపెట్టలేదు. ఆవిడ జీవితంలో మడతపెట్టని గుడ్డలు మోసుకుంటూ నలుగురిలోకి రావడం ఇదే మొదలు.

“అమ్మా, నువ్వు లోపలికి వెళ్ళు,” అన్నారు బావగారు.

“లోపలికే వస్తున్నాను,” అంటూ ఆవిడ గడప దాటి షెడ్డులో అడుగుపెట్టారు. “బాధ్యులెవరో తేలుస్తానన్నావుగా? రాసుకోరా. తల్లి పేరు తప్పుల్లేకుండా రాయి.”

బావగారి పెన్నుకి జీవితంలో తొలిసారి రాయడానికి విషయం దొరికింది. రాయడానికి చెయ్యి రాలేదు.

“అత్తయ్యా, మీరు ఇస్త్రీ చేశారు. చూసుకోకుండా వాడింది నేను.”

“చెంపకి ఆన్చాలని నాకు చెప్పలేదేం? కరెంటాయనకి కూడా చెప్పావట.”

“మీరు షెడ్డులోకి వస్తే కదా చెప్పడానికి.”

ఆ మాట అనేసి కోడలు నాలిక కరుచుకుంది. పళ్ళ డాక్టరు ముందు నాలిక కరుచుకోవడం మరీ ఇబ్బంది. అత్తగారి కళ్ళు ఒక్కక్షణం చిన్నవయ్యాయి.

ఆవిడ చేతిలో గుడ్డల్లోంచి ఒకటి తీసి, కళ్ళు మూసుకుని, చెంపకి ఆన్చుకున్నారు. “ఇది పనికొస్తుంది,” అని బల్లమీద పెట్టారు. రెండోది ఆన్చుకున్నారు. “ఇదీ.” మూడోది ఆన్చుకుని మొహం చిట్లించారు. “దీనికేదో గుచ్చుకుంది. పోనీ.” అది చక్రాల బుట్టలో పడింది.

ఎవరూ చెప్పకుండానే మొగుడు వచ్చి లైటు పట్టుకున్నాడు.

కోడలు ప్యాడ్ మీద కాంపౌండ్ చుక్కలు పెట్టింది. మెషిన్ చిన్నగా గొణిగి, తర్వాత సాపుగా పాట అందుకుంది. మొగుడి పాటకంటే ఎన్నోరెట్లు శ్రుతిలో ఉంది. అడ్డంగా, నిలువుగా, మళ్ళీ అడ్డంగా, తొందరపడకుండా, నొక్కకుండా. పొద్దున్నుంచి బావగారూ, పరుపులూ, గోడా, ఇస్త్రీపెట్టే, అన్నీ ఆ చేతిలోంచి జారిపోయాయి. ఈ ప్రపంచంలో ఆమెకి తెలిసినంత గట్టిగా ఇంకెవరికీ తెలియని చోటు ఏదైనా ఉంటే అది ఆ అరచెయ్యంత నలుపు. మెషిన్ ఆపి చెయ్యి చాపింది. అత్తగారు గుడ్డ అందించారు. తుడిచి పక్కకి జరిగింది.

డాక్టరుగారు వంగారు. చుట్టూ సాలెగూడు, మధ్యలో బావిలో నీళ్ళలా ఒక నలుపు. అందులో ఆయన తన మొహం చూసుకున్నారు. పెదాలు విప్పి పళ్ళు చూసుకున్నారు. పక్కపళ్ళు కూడా చూసుకున్నారు.

“ఎడమవైపు దంతం కాస్త గార పట్టింది,” అన్నారు. “నేనింతవరకు గమనించనేలేదు. మిగతాది కానివ్వండమ్మా. ఇక్కడే కూర్చుంటాను.”

మొగుడి చేతిలో లైటు కదిలింది. ఈసారి ఎవరూ కసరలేదు.

కోడలు కొత్త చుక్కలు పెట్టి మెషిన్ ఆన్ చేసింది. అప్పుడే వీధిలో లారీ హారన్ మోగింది. ఒకసారి కాదు, సొంతిల్లు దొరికినవాడు మోగించినట్టు వరసగా.

బావగారి మొహం తెల్లబడింది.

“అదేంట్రా?” అన్నారు అత్తగారు.

“అదీ... పరుపులాయన. సాయంత్రానికల్లా షెడ్డు ఖాళీ అవుతుందని అంచనా వేశాను. అంచనా మాత్రమే అమ్మా.”

“అంచనా వేశావా, మాటిచ్చావా?”

“మాటిచ్చాను.”

“ఇంకేమిచ్చావు?”

బావగారు పెన్నుకేసి చూసుకున్నారు. పెన్ను ఆయన్ని ఆదుకోలేదు.

“గేటు తాళంచెవి. నకలు చేయించి.”

గేటు అవతల గొలుసు గలగలమంది. అట్టపెట్టెల్లో కట్టిన పరుపులు లారీ మీద మేడంత ఎత్తున, గోడ పైనుంచి షెడ్డులోకి తొంగిచూస్తున్నాయి.

“అన్నయ్యా,” అన్నాడు మొగుడు. ప్రైమరు దాటి, ఈసారి అసలు రంగులోకి వచ్చింది గొంతు. “ఈ ఇల్లు అమ్మది.”

“అది నేను చెప్పుకుంటాన్లే,” అన్నారు అత్తగారు. మిగిలిన గుడ్డల్ని కోడలి చేతికందేలా బల్ల అంచుకి జరిపారు. ఒకటి మాత్రం భుజాన వేసుకుని, ఎవరికేసీ చూడకుండా గేటు వైపు నడిచారు. ఆ నడకలో కోపం ఉందో, ఆలోచన ఉందో, ఇచ్చిన మాట కొడుకుది కదా అన్న బెంగ ఉందో వెనకనుంచి తెలియదు. జనాల కార్లు కడగడం తనకిష్టం లేదని పొద్దున ఆవిడ అన్న మాట మాత్రం ఇంకా వాపసు తీసుకోలేదు.

కోడలు చూడాలనుకుంది. చూడలేకపోయింది. ప్యాడ్ కింద కాంపౌండ్ తడిగా ఉంది. చెయ్యి ఆపితే ఆరిపోతుంది, ఆరితే మరక పడుతుంది, ఆ ఆఖరిసారి కాస్తా వృథా అయిపోతుంది. ఆమె మెషిన్ మీద రెండో చెయ్యి కూడా వేసి, అడ్డంగా ఒక వరస నిదానంగా లాగింది.

మెషిన్ హోరులో గేటు దగ్గర మాటలు వినపడలేదు. గొళ్ళెం చప్పుడు ఒక్కటే వినపడింది. తీసిన చప్పుడో, వేసిన చప్పుడో!